నూనె డబ్బాకి రెండో చిల్లు: పెళుసు ఎముకల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ విడత ప్రశ్నలన్నీ పుట్టుకతో వచ్చే పెళుసు ఎముకల జబ్బు గురించే. అందులోనూ ట్రిక్-బి అనే, కణం లోపల ఉండే అయాన్ చానల్ (ఆవేశం ఉన్న కణాలకి దారి ఇచ్చే ప్రొటీన్) లోపించడంవల్ల వచ్చే టైప్ 14 గురించి. డోసులు అంకెలతో సహా ఇస్తున్నాం. అవి డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు అర్థం కావడానికే తప్ప ఇంట్లో లెక్కగట్టి వాడుకోవడానికి కాదు.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. ఇప్పటికి మూడుసార్లు తొడ ఎముక విరిగింది. జన్యు పరీక్షలో "టీఎంఈఎం38బి, హోమోజైగస్, ఓఐ టైప్ 14" అని వచ్చింది. డాక్టరుగారేమో ఇది కొల్లాజెన్ జబ్బు అంటున్నారు. అదే రిపోర్టులో కొల్లాజెన్ జన్యువులు నార్మల్ అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మండి. ఓఐ, అంటే ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా, ఒక్క జబ్బు కాదు, ఒక కుటుంబం. ఈ కుటుంబంలో నూటికి 85 నుంచి 90 మందికి లోపం సీఓఎల్1ఎ1, సీఓఎల్1ఎ2 అనే రెండు జన్యువుల్లో ఉంటుంది. టైప్ 1 కొల్లాజెన్‌ని మూడు పోగులు పేనిన తాడు అనుకుంటే, వీళ్లకి పోగులోనే తేడా. మిగిలిన కొద్దిమందికి పోగులు శుభ్రంగానే ఉంటాయి, పేనే చోట పని చెడుతుంది. మీ పాపది ఈ రెండో రకం. అందుకే కొల్లాజెన్ జన్యువులు నార్మల్, కొల్లాజెన్ మాత్రం సరిపడా బయటికి రాదు.

టీఎంఈఎం38బి అనే జన్యువు 9వ క్రోమోజోము మీద ఉంది. హోమోజైగస్ అంటే దాని రెండు కాపీల్లోనూ అదే మార్పు ఉందని. అది 291 అమైనో ఆమ్లాల ట్రిక్-బి ప్రొటీన్‌ని తయారుచేస్తుంది. ఈ ప్రొటీన్లు మూడేసి కలిసి కణం లోపల, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరలో, చానల్‌గా కూర్చుంటాయి. ప్రొటీన్ ఉందని 2007లో జపాన్‌లో హిరోషి తకేషిమా బృందం చెప్పింది. అది లేకపోతే మనుషుల్లో ఎముకలు పెళుసవుతాయని 2012లో సౌదీ కుటుంబాల్లోనూ, 2013లో ఇజ్రాయెల్‌లోని బెడవిన్ కుటుంబాల్లోనూ తేలింది.

ఇంకోమాట. టైప్ 4 కంటే టైప్ 14 బాగా ముదిరిన జబ్బు అనుకుని బెంబేలు పడేవాళ్లున్నారు. అలాంటిదేం లేదు. 1979లో డేవిడ్ సిలెన్స్ చేసిన వర్గీకరణలో 1 నుంచి 4 దాకానే ఉండేవి. ఆ తర్వాత కొత్త జన్యువు బయటపడ్డప్పుడల్లా తర్వాతి అంకె తగిలిస్తూ పోయారు. 14 అనేది క్యూలో వచ్చిన నంబరు, తీవ్రత కాదు. ఈ టైప్‌లోనే ఒకరికి తల్లి కడుపులో ఉండగానే ఎముక విరిగితే, ఇంకొకరికి నడక వచ్చి పరుగులు నేర్చాక మొదటిసారి విరుగుతుంది.

ప్రశ్న: బయోకెమిస్ట్రీ విద్యార్థిని. ట్రిక్-బి వదిలేది పొటాషియాన్ని. ఎముకకి కావాల్సింది కాల్షియం, కొల్లాజెన్. పొటాషియం చానల్ పాడైతే కొల్లాజెన్ ఎందుకు తగ్గాలి?

జవాబు: నూనె డబ్బాకి ఒకే చిల్లు పొడిచి వంచి చూడండి. మొదట సన్నధార వస్తుంది, ఆగుతుంది, గుడగుడమని ఇంకాస్త పడుతుంది, మళ్లీ ఆగుతుంది. బయటికి పోయిన నూనె జాగాలోకి గాలి వెళ్లే దారి లేదు కదా. ఎదురుగా ఇంకో చిల్లు పొడిస్తే ధార ఏకంగా పడుతుంది. ట్రిక్-బి ఆ రెండో చిల్లు.

ఇప్పుడు కణంలోకి వద్దాం. ఎండోప్లాస్మిక్ రెటిక్యులాన్ని ఈఆర్ అందాం. దాని లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం గాఢత బయటి సైటోప్లాజంలో ఉన్నదానికి వెయ్యి రెట్లకు పైమాటే. కణానికి సంకేతం అందగానే ఐపీ3 రిసెప్టర్ అనే గేటు తెరుచుకుని కాల్షియం బయటికి దూకుతుంది. ప్రతి కాల్షియం అయాన్ రెండు ధనావేశాల్ని మోసుకుపోతుంది. కొన్ని పోగానే ఈఆర్ లోపలివైపు రుణావేశం మిగిలి, పోబోయే కాల్షియాన్ని వెనక్కి లాగుతుంది. గేటు తెరిచే ఉన్నా ధార ఆగిపోతుంది. అలా ఆగకుండా ఉండాలంటే పోయిన ఒక్కో కాల్షియానికి బదులుగా రెండు పొటాషియాలు లోపలికి రావాలి. వాటికి దారి ఇచ్చేది ట్రిక్-బి. తర్వాత సెర్కా పంపు కాల్షియాన్ని తిరిగి ఈఆర్‌లోకి తోడేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ట్రిక్-బి లేకపోతే ఈఆర్‌లో కాల్షియం అడుగంటుతుందనో, పొంగిపోతుందనో అనుకుంటారు. ఎలుకల ఎముక కణాల్లో అది పేరుకుపోయిన మాట నిజమే. కానీ 2016లో రోగుల కణాల్ని పరీక్షించినప్పుడు, కణానికి సంకేతం అందని, స్థిరంగా ఉన్న సమయంలో ఈఆర్ కాల్షియం మామూలుగానే ఉంది. తేడా వచ్చింది విడుదల వేగంలో, మళ్లీ నిండే వేగంలో. నిల్వ ఉంది, రాకపోకలు సరిగ్గా లేవు.

కొల్లాజెన్ కుట్టుపని అంతా ఆ ఈఆర్‌లోనే. అక్కడ పోగుల మీది ప్రోలీన్, లైసీన్ అమైనో ఆమ్లాలకి హైడ్రాక్సిల్ తగిలించాలి. మూడు పోగులు చివరలు కలుపుకుని, జిప్పు వేసినట్టు సీ-కొస అనే ఒక చివర నుంచి ఎన్-కొస అనే రెండో చివర దాకా మెలిపడాలి. ఈ పనికి సాయపడే ప్రొటీన్లలో కొన్ని కాల్షియం మీద ఆధారపడేవి. ఆ 2016 పరిశోధనలో కనబడినవి చెబుతాను: మెలిక భాగంలో లైసీన్ హైడ్రాక్సిలేషన్ తగ్గింది. అది చేసే ఎల్‌హెచ్1 ఎంజైమ్ పరిమాణం పెరిగి కూడా ఇలా జరిగింది. కొసల్లో మాత్రం హైడ్రాక్సిలేషన్ పెరిగింది. మూడు పోగులు జతపడటం ఆలస్యమైంది. సరిగ్గా మడతపడని కొల్లాజెన్ లోపలే ఇరుక్కుపోయి ఈఆర్ ఒత్తిడికి గురైంది, బిప్ అనే సహాయక ప్రొటీన్ పెరిగింది. చివరికి బయటికి వచ్చిన కొల్లాజెన్ 50 నుంచి 70 శాతం తగ్గిపోయింది.

దీనికో విశేషం ఉంది. మామూలు ఓఐలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం మారిపోయినప్పుడు తాడు నెమ్మదిగా మెలిపడుతుంది. ఆ ఆలస్యంలో ఎంజైములు అవసరానికి మించి హైడ్రాక్సిల్‌లు, చక్కెరలు తగిలిస్తాయి. బరువెక్కిన ఆ పోగులు ల్యాబులో ప్రొటీన్లని విడదీసే జెల్ మీద నెమ్మదిగా కదులుతాయి. టైప్ 14లో మెలిక భాగం లైసీన్ల దగ్గర దీనికి వ్యతిరేకం, తగలాల్సినవే తగలవు. కాబట్టి జెల్ మీద బ్యాండు వెనకబడలేదని ఓఐ కాదనుకోవడం తప్పు. కణాల బయట ఉండే అల్లికలోకి (మాత్రికలోకి) చేరినదంతా స్థిరమైన, మంచి కొల్లాజెనే. నాణ్యత చెడి కాదు, చాలినంత లేక ఎముక పలచబడుతోందన్నమాట.

ప్రశ్న: కాల్షియం చానల్ సమస్య అంటున్నారు కాబట్టి కాల్షియం మాత్రలు రెట్టింపు చేస్తే మంచిదేగా? బంధువులంతా అదే చెబుతున్నారు.

జవాబు: వద్దు. కణంలో రాకపోకలు చెడ్డాయి తప్ప రక్తంలో కాల్షియం కొరత లేదు. పరీక్ష చేయించి చూడండి, నార్మల్‌గానే వస్తుంది. నోట్లో వేసుకున్న కాల్షియం పెరిగితే ట్రిక్-బి పుట్టుకురాదు. పైగా ఓఐ పిల్లల్లో మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే గుణం కొందరికి ముందే ఉంటుంది. మాత్రలు గుప్పిస్తే కిడ్నీలో రాళ్ల దారి తెరిచినట్టే.

అలాగని మానేయకూడదు కూడా. వయసుకి సరిపడా అందాలి: 1–3 ఏళ్లకి రోజుకి 700 మిల్లీగ్రాములు, 4–8 ఏళ్లకి 1000, 9–18 ఏళ్లకి 1300. ఆహారంలో వచ్చేది పోను తక్కువపడ్డదే మాత్రగా ఇవ్వాలి. విటమిన్ డి విషయంలో ఊహలు వద్దు, 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించి మిల్లీలీటరుకి 20 నానోగ్రాములకు తగ్గకుండా చూడాలి. ఈ జాగ్రత్త ఇంజక్షన్ల ముందు మరీ ముఖ్యం. ఎందుకో కింద వస్తుంది.

ప్రశ్న: మా బాబుకి కళ్లు నీలంగా లేవు, పళ్లు బాగానే ఉన్నాయి. అయినా ఓఐ అంటారా?

జవాబు: అనవచ్చు. టైప్ 14లో కంటి తెల్లగుడ్డు మామూలుగా ఉండేవాళ్లు, కాస్త నీలి ఛాయ ఉండేవాళ్లు ఇద్దరూ కనిపించారు. పళ్లు, వినికిడి సాధారణంగా బాగానే ఉంటాయి. నీలి కళ్లు లేవని ఓఐని కొట్టిపారేయడం పాత పొరపాటే.

ప్రశ్న: రెండేళ్ల క్రితం జన్యు పరీక్షలో ఏమీ లేదన్నారు. ఇప్పుడు వేరే చోట చేస్తే టీఎంఈఎం38బి అన్నారు. మొదటివాళ్లు తప్పు చేశారా?

జవాబు: తప్పనక్కర్లేదు. వెతకని చోట దొరకదు, అంతే. "ఏమీ లేదు" అని వచ్చినప్పుడు మూడు విషయాలు అడగాలి.

మొదటిది, ఏ జన్యువులు చూశారు. చాలా పరీక్షలు సీఓఎల్1ఎ1, సీఓఎల్1ఎ2 తోనే ఆగిపోతాయి. అవి నెగటివ్ అంటే ఓఐ లేదని కాదు, ఎక్కువమందికి ఉండే రకం కాదని మాత్రమే. ఓఐ జన్యువులన్నీ కలిపి చూసే ప్యానెలో, అన్ని జన్యువుల ప్రొటీన్ భాగాల్నీ చదివే ఎక్సోమో కావాలి.

రెండోది, తునకలు ఎగిరిపోవడాన్ని చూశారా. ఇది టీఎంఈఎం38బిలో మరీ ముఖ్యం. సౌదీ, బెడవిన్ కుటుంబాల్లో దొరికిన మార్పు ఒక అక్షరం మారడం కాదు, జన్యువులో ఎక్సాన్ 4 అనే భాగం మొత్తానికి మొత్తం లేకపోవడం. దానివల్ల జన్యు సందేశంలో 88 అక్షరాలు తగ్గుతాయి. 88ని మూడుతో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి ఆ తర్వాత చదివేదంతా పక్కకి జరిగి, కాసేపట్లోనే ఆగిపోతుంది. అక్షరదోషాలు పట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇది కనిపించదు. పేజీలో తప్పుల్ని వెతికేవాడు చింపేసిన పేజీని గమనించనట్టే. ఆ ఎక్సాన్ మీద కవరేజ్ (దాన్ని ఎన్నిసార్లు చదివారన్న లెక్క) సున్నా ఉందా అని ప్రత్యేకంగా లెక్క చూడాలి. కాపీ నంబర్ విశ్లేషణ చేశారా అని రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

మూడోది, తేల్చుకోలేని మార్పు ఏదైనా పక్కన పెట్టారా. 2015 నుంచి వాడుకలో ఉన్న ఐదు తరగతుల్లో నడిమి తరగతి "ప్రాముఖ్యత తెలియనిది". దాని ఆధారంగా కడుపులో బిడ్డ గురించి నిర్ణయం తీసుకోకూడదు. పాత డేటానే తిరిగి విశ్లేషించమని అడిగే హక్కు మీకుంది. కొత్తగా రక్తం ఇవ్వాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

జన్యు పరీక్షకి ముందే చూడాల్సిన చవకైన పరీక్ష ఒకటుంది: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. రికెట్స్‌లో అది పెరుగుతుంది. ఓఐలో దాదాపు మామూలుగా ఉంటుంది. వయసుకి ఉండాల్సినదానికంటే బాగా తగ్గితే హైపోఫాస్ఫటేసియా అనే వేరే జబ్బుని అనుమానించాలి. అందులో ఓఐకి ఇచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ ఇంజక్షన్లు ఇవ్వకూడదు. ల్యాబులు పెద్దవాళ్ల పరిమితులు ముద్రించి ఇస్తే పిల్లల్లో తక్కువ విలువ నార్మల్‌గా కనబడి జారిపోతుంది. పిల్లల పరిమితితోనే పోల్చమనండి.

ప్రశ్న: మా ఇద్దరికీ ఎప్పుడూ ఎముక విరగలేదు. ఇద్దరి వైపూ ఇలాంటి జబ్బు లేదు. రెండో బిడ్డకి వస్తుందా? అత్తవారివైపు నావల్లే వచ్చిందంటున్నారు.

జవాబు: ముందు ఆఖరి మాటకి జవాబు. ఇది అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ దెబ్బతింటేనే వస్తుంది. ఒక్కరివల్ల రావడం అనేదే లేదు. ఒక మంచి కాపీ ఉన్న మీ ఇద్దరికీ ఎముకలు మామూలుగా ఉంటాయి కాబట్టి వాహకులని తెలిసే వీలే లేదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిలో ఒకే పూర్వీకుడి లోపం ఇద్దరికీ చేరే అవకాశం పెరుగుతుంది. అయితే బంధుత్వం లేని దంపతుల్లోనూ, వేర్వేరు మార్పులతో, ఇది వస్తుంది.

ఇక లెక్క. ప్రతి గర్భంలోనూ 25 శాతం జబ్బు వచ్చే అవకాశం, 50 శాతం వాహకులయ్యే అవకాశం, 25 శాతం ఏదీ లేకపోవడం. "నలుగురిలో ఒకరికి వచ్చేసింది కదా, మిగతా ముగ్గురికి రాదు" అనుకోకండి. నాణెం పాత లెక్కలు గుర్తుపెట్టుకోదు. జబ్బు లేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరూ వాహకులయ్యే అవకాశం మూడింట రెండు వంతులు.

రెండో గర్భం గురించి ఆలోచించే ముందే తల్లిదండ్రులిద్దరి రక్తంలో ఆ మార్పుని నిర్ధారించుకోవాలి. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. పాపకి ఎక్సాన్ ఎగిరిపోయిన రకమైతే, తల్లిదండ్రుల్లో మామూలు సాంగర్ సీక్వెన్సింగ్ చేస్తే "నార్మల్" అని వస్తుంది. వాళ్లలో ఉన్న ఒక మంచి కాపీయే చదవబడుతుంది, లేని కాపీ నోరు విప్పదు. క్వాంటిటేటివ్ పీసీఆర్ లాంటి, కాపీల సంఖ్య లెక్కపెట్టే పద్ధతి కావాలి. ఈ సంగతి తెలియక "తండ్రిలో మార్పు లేదు" అన్న కాగితం ఇంటికొస్తే ఏం గొడవలవుతాయో ఊహించుకోవచ్చు.

కుటుంబంలోని మార్పు నిర్ధారణ అయ్యాక గర్భంలో 11–13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి పరీక్షించవచ్చు. స్కానింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. టైప్ 14 శిశువుల్లో కొందరికి తొడ ఎముక వంపు కనిపిస్తుంది, కొందరికి చివరిదాకా స్కాన్ శుభ్రంగానే ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా: ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులకి ఇద్దరు ఓఐ పిల్లలు పుడితే అది అంతర్గత రకమే అని జన్యు పరీక్ష లేకుండా తేల్చకండి. తల్లిలోనో తండ్రిలోనో కొన్ని బీజకణాల్లో మాత్రమే కొల్లాజెన్ జన్యువు చెడి ఉండే మొజాయిసిజంలోనూ ఇలాగే జరుగుతుంది. అప్పుడు లెక్కలన్నీ మారిపోతాయి.

ప్రశ్న: పామిడ్రొనేట్ మొదలుపెట్టాలంటున్నారు. ఎన్ని రోజులకోసారి, ఎంత? టైప్ 14కి పనిచేస్తుందా?

జవాబు: పామిడ్రొనేట్ పైన చెప్పిన బిస్‌ఫాస్ఫొనేట్లలో ఒకటి. ఇది కొల్లాజెన్‌ని బాగుచెయ్యదు. ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాల్ని నెమ్మదింపజేస్తుంది. కట్టేవాళ్లు తక్కువున్నా కూల్చేవాళ్ల చేయి ఆపితే గోడ కొంత మందమవుతుంది, అంతవరకే.

1998లో ఫ్రాన్సిస్ గ్లోరియూ బృందం కెనడా నుంచి ప్రచురించిన పరిశోధనతో మొదలై, తర్వాత వయసుల వారీగా స్థిరపడ్డ పద్ధతి ఇది. మూడేళ్లు దాటినవాళ్లకి రోజుకి కిలోకి 1 మిల్లీగ్రాము, వరసగా 3 రోజులు, 4 నెలలకోసారి. రెండు నుంచి మూడేళ్లవాళ్లకి కిలోకి 0.75 మిల్లీగ్రాము 3 రోజులు, 3 నెలలకోసారి. రెండేళ్లలోపు పిల్లలకి 0.5 మిల్లీగ్రాము 3 రోజులు, 2 నెలలకోసారి. ఎలా కూడినా సంవత్సరానికి కిలోకి 9 మిల్లీగ్రాములే. సెలైన్‌లో కలిపి దాదాపు 4 గంటలు ఎక్కిస్తారు. జీవితంలో మొట్టమొదటి రోజు సగం డోసుతో మొదలుపెడతారు. దీని బదులు జోలెడ్రొనేట్ అయితే కిలోకి 0.05 మిల్లీగ్రాము, 6 నెలలకోసారి, అరగంట నుంచి ముప్పావుగంటలో అయిపోతుంది.

మొదటి డోసు తర్వాత 12 నుంచి 36 గంటల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పారాసెటమాల్‌తో తగ్గుతాయి, రెండో విడత నుంచి చాలామందికి రావు. చూసుకోవాల్సింది అది కాదు, కాల్షియం పడిపోవడం. ఎముకలోంచి రక్తంలోకి వచ్చే కాల్షియం ఒక్కసారిగా ఆగుతుంది. విటమిన్ డి ముందే తక్కువుంటే శరీరం సర్దుకోలేదు. పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు బిగుసుకుపోవడం, పసివాళ్లలో ఫిట్స్ దాకా పోవచ్చు. అందుకే డోసుకి ముందు కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది), విటమిన్ డి చూడకుండా సూది గుచ్చనివ్వకండి. కదిలే పళ్లో, పుచ్చిన పళ్లో ఉంటే డెంటిస్టు పని ముందే ముగించుకోవడం మంచిది.

ఎక్స్‌రేలో పనిచేసిన గుర్తు మీరే చూడవచ్చు. మోకాలి దగ్గర, పెరిగే చోటుకి పక్కన, తెల్లటి అడ్డగీతలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో విడత మందుకి ఒక్కో గీత. గీతకి గీతకి మధ్య దూరం ఆ నెలల్లో ఎముక పెరిగిన పొడుగు. చెట్టు కాండంలో వలయాలు లెక్కపెట్టినట్టు మందు చరిత్ర అంతా చదవొచ్చు. అది చూసి కొత్త జబ్బేమో అని కంగారు పడకండి.

టైప్ 14లో బిస్‌ఫాస్ఫొనేట్లు వాడిన పిల్లల్లో ఎముక సాంద్రత పెరిగినట్టు నమోదైంది. కానీ ఒక మెలిక ఉంది. మామూలు ఓఐలో ఎముక కట్టడం, కూలగొట్టడం రెండూ జోరుగా సాగుతాయి. టైప్ 14 పిల్లల ఎముక ముక్కల్ని 2017లో పరీక్షించినప్పుడు కట్టే కణాలు, కూల్చే కణాలు రెండూ తక్కువగా కనిపించాయి. ఇప్పటికే మందగించిన పనిని ఇంకా మందగించే మందు ఇది. అందుకే మా అభిప్రాయం: పూర్తి డోసుని ఏళ్ల తరబడి యాంత్రికంగా కొనసాగించకూడదు. రెండు మూడేళ్లు గడిచాక సాంద్రత, వెన్నుపూసల ఆకారం చూసి డోసు తగ్గించడమో, వ్యవధి పెంచడమో చర్చించాలి. ఎముక కోసి సరిచేసే ఆపరేషన్ ఉంటే, అతుకు పడేదాకా తర్వాతి విడత వెనక్కి జరపమని సర్జన్లు అడుగుతారు. అది సబబే.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి ఒక్క మాట. పొట్టిగా ఉన్న పిల్లల్లో సాంద్రత అసలున్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. అదే వయసు పిల్లలతో పోల్చే జెడ్-స్కోరుని, ఎత్తుకి సవరించి అడగండి. టీ-స్కోరు పిల్లలకి పనికిరాదు, అది పెద్దవాళ్ల కొలత.

ప్రశ్న: నెలల పాప. ఎత్తుకోవడానికే భయంగా ఉంది. ఎలా పట్టుకోవాలి?

జవాబు: ఎత్తుకోకపోవడం ఇంకా నష్టం. కదలని ఎముక మరింత పలచబడుతుంది. పట్టు తెలిస్తే చాలు.

చంకల కింద రెండు చేతులేసి పైకి లాగొద్దు, బరువంతా పక్కటెముకల మీద పడుతుంది. ఒక అరచేతిని వేళ్లు బాగా విప్పి పిరుదుల కింద, రెండోదాన్ని తల, భుజాల కింద పెట్టి, పళ్లెం ఎత్తినట్టు ఒంటినంతా కలిపి మెల్లగా ఎత్తాలి. డైపరు మార్చేటప్పుడు రెండు మడమలు కలిపి పట్టుకుని పైకి లేపే అలవాటువల్ల తొడ ఎముకలు విరగవచ్చు. నడుము కింద చేయిపెట్టి కొద్దిగా లేపి డైపరు జరపండి. చొక్కా తొడిగేటప్పుడు పాప చేతిని లాగకండి. మీ చేతిని చొక్కా చేతిలోంచి దూర్చి, పాప చేతిని మెల్లగా పట్టుకుని, గుడ్డని మీదికి జరపండి. ముందు భాగమంతా తెరుచుకునే చొక్కాలు తేలిక. ఒకే భంగిమలో పడుకోబెడితే తల ఒకవైపు చదునవుతుంది, పక్కలు మారుస్తూ ఉండండి.

విరిగిందని ఎలా తెలుస్తుంది? వాపు కనిపించకపోవచ్చు. ఒక కాలు కదపకుండా ఉంచేయడం, ఫలానా వైపు తిప్పినప్పుడే ఏడవడం, పాలు తాగేటప్పుడు కూడా ఊరుకోకపోవడం, ఇవి చూడండి. కదలకుండా మెత్తటి దన్ను కట్టి తీసుకెళ్లండి. కట్టు తేలికగా, అవసరమైనన్ని వారాలే ఉంచమనండి. ఓఐలో ఎముక అతుక్కునే వేగం చాలామందికి మామూలుగానే ఉంటుంది. సిమెంటు కట్టుతో నెలలు గడిపితే అది తీశాక పక్కన ఇంకోచోట విరిగే ప్రమాదం పెరుగుతుంది.

పదేపదే విరిగి వంకరపోయిన తొడకి లోపల కడ్డీ వేస్తారు. 1959లో సోఫీల్డ్, మిల్లర్ వివరించిన పద్ధతి ఇది: ఎముకని రెండు మూడు చోట్ల కోసి, పూసలు గుచ్చినట్టు కడ్డీకి ఎక్కించి తిన్నగా చేస్తారు. పెరిగే పిల్లలకి సాగే కడ్డీ మేలు. ఫాసియె-డువాల్ కడ్డీ ఒకదాంట్లో ఒకటి జారుతూ ఎముకతోపాటు పొడుగవుతుంది. సాగని కడ్డీ అయితే ఎముక దాన్ని దాటి పెరిగి, కొస దగ్గర విరుగుతుంది. బయట ప్లేటు, స్క్రూలు వేస్తామంటే ఇంకో డాక్టరు అభిప్రాయం అడగండి. ఆఖరి స్క్రూ దగ్గర మెత్తని ఎముకకి, గట్టి ప్లేటుకి మధ్య ఒత్తిడి చేరి అక్కడే విరగడం ఓఐలో తరచూ చూసేదే.

ప్రశ్న: ఎలుకల్లో ఈ జన్యువు తీసేస్తే పుట్టగానే చనిపోతాయని చదివాం. మా బాబు ఊపిరితిత్తులకి ప్రమాదమా?

జవాబు: ఎలుకలు చనిపోయింది ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టంట్ (గాలి గదులు మూసుకుపోకుండా ఉంచే పదార్థం) తయారుచేసే కణాలు సరిగ్గా పనిచేయక. టైప్ 14 మనుషుల్లో పుట్టగానే అలా జరగడం ఈ జబ్బు లక్షణం కాదు. ఎలుక ఫలితాల్ని మనిషికి అచ్చుగుద్దినట్టు అన్వయించకూడదనడానికి ఇదొక ఉదాహరణ. వెన్ను వంకర, పక్కటెముకల విరుగుళ్లు ఉంటే మాత్రం ఊపిరి సామర్థ్యం తగ్గవచ్చు, కాబట్టి వెన్ను ఎక్స్‌రే పక్కనుంచి తీయించి ఏటా, లేదంటే రెండేళ్లకోసారైనా చూడాలి.

ప్రశ్న: కణం లోపలి చానళ్లు చెడి వచ్చే ఎముక జబ్బు ఇదొక్కటేనా?

జవాబు: కాదు. అసలు దీనికి పూర్తిగా ఎదురు జబ్బు ఉంది. ఆస్టియోపెట్రోసిస్‌లో ఎముక రాయిలా చిక్కబడుతుంది. ఆస్టియోక్లాస్ట్ ఎముకని కరిగించాలంటే ఆమ్లం కక్కాలి. ప్రోటాన్ పంపు ఆమ్లాన్ని తోస్తుంటే, ఆవేశం సరిపెట్టేది లైసోజోముల్లో ఉండే సీఎల్‌సీ-7. ఇక్కడా అదే నూనె డబ్బా సూత్రం: ప్రధాన ధార వెంట ఎదురు ఆవేశానికి దారి కావాలి. సీఎల్‌సీఎన్7 జన్యువు చెడితే ఎముక కరగదు, మూలుగకి చోటుండదు. చిక్కగా కనిపిస్తుందే తప్ప ఆ ఎముకా విరుగుతుంది. నిజానికి సీఎల్‌సీ-7 చానల్ కాదు, రెండు క్లోరైడ్‌లకి ఒక ప్రోటాన్ చొప్పున మార్చుకునే వాహకం. పేరు పాతదే మిగిలిపోయింది.

ఇంకొకటి ఏఎన్ఓ5 అనే జన్యువు. అది చెడితే దవడ ఎముకలో గడ్డలు, పొడవాటి ఎముకల విరుగుళ్లతో నాథోడయాఫిసియల్ డిస్‌ప్లేసియా వస్తుంది. ఇది బహిర్గత రకం, ఒక కాపీ చెడితే చాలు. దవడలో గడ్డ ఉన్న "ఓఐ" రోగికి దంతాలు పీకే ముందు ఈ జన్యువు చూడటం తెలివైన పని, ఆ దవడకి ఇన్‌ఫెక్షన్ పడితే తొందరగా మానదు.

ప్రశ్న: శాశ్వతంగా నయం చేసే మందు ఎప్పుడు?

జవాబు: ట్రిక్-బిని తిరిగి తెచ్చే మందు, జన్యు చికిత్స వాడుకలో లేవు. మడతపడని ప్రొటీన్ల ఒత్తిడిని తగ్గించే 4-ఫినైల్ బ్యుటిరేట్‌ని ఓఐ రోగుల చర్మకణాల మీద, ఓఐ ఉన్న జీబ్రా చేపల మీద పరీక్షించారు. యూరియా చక్రం జబ్బులకి ఎప్పటినుంచో వాడుతున్న మందే అది. చేపల్లో బాగుపడింది అంటే పిల్లలకి మొదలుపెట్టమని కాదు. ఎముక కట్టే టెరిపారటైడ్ పెరిగే పిల్లలకి ఇవ్వరు. ఎముక కరగడాన్ని ఆపే డెనోసుమాబ్‌ని పిల్లల్లో మానేయగానే రక్తంలో కాల్షియం ఎగబాకిన సందర్భాలున్నాయి కాబట్టి అనుభవం ఉన్న కేంద్రంలో తప్ప ఒప్పుకోకండి. స్టెమ్‌సెల్స్‌తో ఒక్క సిట్టింగులో నయం అని ఎవరైనా డబ్బు అడిగితే, పరిశోధన అనుమతి పత్రం, ఎథిక్స్ కమిటీ పేరు చూపించమనండి.